దశమభాగం బరువు

అక్టోబర్ 7, సోమవారం

ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి లేచి నిలబడి చదివాను. అలాంటి వార్తను కూర్చుని చదవడం మర్యాద కాదు.

కొండమీద పైనీ గ్యాప్ చర్చిని రోడ్డు వెడల్పు కోసం పడగొడుతున్నారు. పద్దెనిమిదో తారీకు శుక్రవారం సాయంత్రంలోగా లోపలి సామాను తీసుకుపోతే మాది. ఆపైన మిగిలింది కట్టెల కింద జమ. పది ఓక్ బల్లలు, ప్రసంగ పీఠం, ఇనప పొయ్యి. వాటితోపాటు నాన్న చేసిన కన్నీటి బల్ల.

ఆ బల్ల సంగతి నాకు నేను చెప్పుకోనక్కర్లేదు గానీ చెయ్యి ఆగడం లేదు. పీఠం ముందు అడ్డంగా వేసిన ఆరడుగుల తెల్ల ఓక్ బల్ల. పాపం ఒప్పుకోవాలనుకున్నవాడు లేచి ముందుకొచ్చి దాని దగ్గర మోకరించి ఏడ్చేవాడు. నాన్న ఒక చలికాలమంతా కూర్చుని ఒక్క మేకు లేకుండా చేశాడు. పదకొండేళ్లప్పుడు దాని దగ్గరే నన్ను నేను ప్రభువుకి ఇచ్చుకున్నాను. నా కుడి పక్కన డోయల్ అన్నయ్య, పదిహేనేళ్లవాడు. ఇద్దరం ఒకే రుమాలుతో ముక్కు తుడుచుకున్నాం.

అయిదేళ్లుగా మా సంఘం మూతపడ్డ దాణా కొట్టులో, మడత కుర్చీల మీద ఆరాధిస్తోంది. వారమంతా రంపాల మోటార్లు బాగుచేసి, ఆదివారం నేనే నిలబడి వాక్యం చెబుతాను. ఆ కుర్చీల కిర్రుకి అడ్డొచ్చి ఆగిపోయిన ప్రార్థనలెన్నో. ఎర్రసముద్రం చీలిన పొద్దున ఇశ్రాయేలీయులకి ఒళ్లెలా పులకరించిందో ఇవాళ నాకు తెలిసింది.

ఉత్తరం వెల్డాకి చూపించాను.

"దేనిమీద తెస్తావు?" అంది.

"మన కారుకి ట్రైలర్ తగిలించి."

"అది మనవరాళ్లని బడికి దింపే కారు, హెర్షెల్. వెనక సీట్లో బిస్కెట్ల పొడి తప్ప అది ఇంతవరకు ఏ బరువూ మొయ్యలేదు."

"ప్రభువు యెరూషలేముకి గాడిదపిల్ల మీద వెళ్లాడు."

"ఆ గాడిదపిల్ల తోకకి ఎవరూ పది ఓక్ బల్లలు కట్టలేదుగా."

నా భార్యకి లేఖనాలు నాకంటే బాగా వచ్చు. నా కాపురంలో అదొక శోధన.

అక్టోబర్ 8

వెల్డా డోయల్ పేరెత్తింది. పెద్ద ట్రక్కు ఉంది, నలభై ఏళ్లు ట్రైలర్లు లాగడమే ఆయన బతుకు, ఒక్క మాట అడిగితే వస్తాడు అంది.

నేను కాఫీ పోసుకున్నాను.

అక్టోబర్ 9, బుధవారం

కారుతో ఇచ్చిన పుస్తకం ఇన్నాళ్లూ అట్ట విప్పలేదు. ఇవాళ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీనుంచి చదివాను. మా కారు అయిదువేల పౌండ్ల దాకా లాగుతుంది. కుటుంబాల కోసం చేసిన కారు, చూస్తే కోడిపెట్టలా ఉంటుంది, లోపల సమ్సోను బలం.

అయితే అసలు సంగతి తర్వాతి పేజీలో ఉంది. చదివి పైకే స్తోత్రం అన్నాను, వెల్డా వంటింట్లోంచి ఏమైందని పరుగెత్తుకొచ్చింది.

ట్రైలర్ మొత్తం బరువులో కనీసం పదో వంతు ట్రైలర్ ముక్కు మీద, అంటే కారు వెనకున్న ఇనప గుండు మీద వాలాలట. తొమ్మిది భాగాలు ట్రైలర్ తన చక్రాల మీద తాను మోసుకోవచ్చు. ఒక భాగం మాత్రం ముందుకొచ్చి, తనని లాగేవాడి మీద ఆనుకోవాలి. లేకపోతే బండి దారి తప్పుతుంది.

దశమభాగం. దేవుడి వంతుగా అబ్రాహాము ఇచ్చినది, యాకోబు మొక్కుకున్నది. ఆ ఇంజనీర్లు మోకరించి ప్రార్థించి రాశారో, ఊరికే కూడికలు వేసి రాశారో తెలియదు. సత్యం ఇనుముకి కూడా తెలుసు.

బరువులు వేశాను. ట్రైలర్ పంతొమ్మిది వందలు. బల్లలు పదికీ పంతొమ్మిది వందలు. పీఠం రెండు వందలు. కన్నీటి బల్ల నూట ఇరవై. మొత్తం నాలుగు వేల నూట ఇరవై. దేవుడు కొలిచి మరీ ఇచ్చాడు.

పొయ్యి రాయలేదు. పొయ్యి ఎంతుంటుంది.

అక్టోబర్ 11, శుక్రవారం

కారు వెనక కొక్కెం బిగించారు. కాళ్ల దగ్గర ఒక చిన్న పెట్టె పెట్టారు. దాని మీది పిడి నొక్కితే ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేకు పడుతుంది. ఎండుగడ్డి అమ్మే ఆయన నాలుగు చక్రాల ట్రైలర్ అరువిచ్చాడు. దాణా కొట్టు ముందు ఖాళీ స్థలంలో మధ్యాహ్నమంతా సాధన చేశాను.

వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు చక్రం కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుంది. చివరివాళ్లు మొదటివాళ్లవుతారన్న మాట నాకు ఇన్నేళ్లకి చేతులతో అర్థమైంది. వెనక్కి చూసి లోతు భార్య ఉప్పుస్తంభమైంది. ట్రైలర్ లాగేవాడు వెనక్కి చూడకపోతే చెడతాడు. ఏ లేఖనం ఎప్పుడు వాడాలో తెలియడమే జ్ఞానం.

పక్కింటి అరుగు మీద ఓపల్ గారు చిక్కుళ్లు వలుస్తూ చూస్తోంది. ఎనభై నాలుగేళ్లు, కళ్లు మాత్రం గద్దవి.

"బ్రదర్ హెర్షెల్, అది పాములా మెలికలు తిరుగుతోందేమిటి? ఏదెను తోటలోంచి తోలుకొచ్చావా?"

"నేర్చుకుంటున్నానండి."

"మీ డోయల్ అయితే కళ్లు మూసుకుని పెట్టేసేవాడు."

"కళ్లు మూసుకున్నవాడు గుంటలో పడతాడు, ఓపల్ గారూ."

"నువ్వు కళ్లు తెరుచుకునే నా చామంతుల మీదికి ఎక్కించావు, చూసుకో."

చూసుకున్నాను. ఎక్కించాను.

అయినా సాయంత్రానికి రెండుసార్లు నిటారుగా పెట్టాను. రెండోసారి ఆవిడ చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. ఈ వయసులో చప్పట్లకి ఇంత పొంగిపోవడం తగునా. పొంగిపోయాను.

అక్టోబర్ 13, ఆదివారం

ఇవాళ ట్రైలర్ దశమభాగం మీద యాభై నిమిషాలు చెప్పాను. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుంది. లోపల అగ్ని రగిలితే నోరు మూసుకోవడం యిర్మీయా ప్రవక్తకే చేతకాలేదు, నాకెలా అవుతుంది.

ఆరాధన అయ్యాక బల్లల సంగతి చెప్పాను. సంఘంలో సగంమంది పైనీ గ్యాప్ నుంచి దిగినవాళ్లే, ప్రతి ఇంటికీ అక్కడ ఒక సొంత బల్ల ఉండేది. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు.

"మాది కిటికీ పక్కది. మా తాత పేరు కింద చెక్కి ఉంటుంది."

"మాది వెనక వరసలో ఎడమ పక్క," అంది ఓపల్ గారు. "మా ఆయన నలభై ఏళ్లు అక్కడే నిద్రపోయాడు. దాన్ని తీసుకెళ్లి ముందు వరసలో వేశావంటే ఆయన పైనుంచి దిగొస్తాడు."

అందరూ వెనకే అడుగుతారు. మా జనానికి ముందు వరసంటే అగ్నిగుండం. ఎవరి బల్ల వరస వాళ్లకి చెదరదని మాటిచ్చాను. పైనీ గ్యాప్‌లో ఏది ఎక్కడుందో అదే వరసలో ట్రైలర్ మీద పేరుస్తానన్నాను. పీఠం, కన్నీటి బల్ల ముందు, ఆ వెనక బల్లలు, చివర తలుపు దగ్గర పొయ్యి. మందిరం మందిరంగానే కొండ దిగుతుంది.

దాణా కొట్టు తలుపు పక్కన ఒక కుర్చీ ఇవాళ కూడా ఖాళీగానే ఉంది. మూడేళ్లయింది. అటు చూడలేదు.

అక్టోబర్ 14

డోయల్‌ని నేను వెళ్లగొట్టలేదు. ఆ రోజు ప్రసంగంలో, తలుపు దగ్గర కూర్చునేవాడి ఒక కాలు అప్పటికే బయట ఉంది, ఆ బయట నరకం అని చెప్పాను. వాక్యం చెప్పాను. అతను టోపీ తీసుకుని లేచి వెళ్లాడు. వాక్యం వెళ్లగొట్టింది.

అక్టోబర్ 16

వాక్యానికి వేలు ఉండదు. ఆ రోజు తలుపు వైపు చూపిన వేలు నాది.

అయినా వాక్యమే.

అక్టోబర్ 17, గురువారం

ఆదివారం ప్రసంగం సిద్ధం. అంశం: ముందుకు రండి. పీఠం ముందు నాన్న బల్ల వేసి, ఇంక సాకులు లేవు అని అడుగుతాను. ఒక్కరైనా రాకపోరు. నిద్ర పట్టదు. పదేళ్లు తగ్గినట్టుంది.

అక్టోబర్ 18

అందరం బతికే ఉన్నాం. రేపు రాస్తాను.

అక్టోబర్ 19, శనివారం

రాస్తున్నాను.

నిన్న పొద్దున తొమ్మిదికల్లా పైనీ గ్యాప్ చేరాం, నేనూ వెల్డా. సంఘం నుంచి నలుగురు మగవాళ్లు సాయానికి వచ్చారు. మాటిచ్చిన వరసలోనే పేర్చాం. పొయ్యిని నలుగురం కలిసి లేపలేకపోయాం, దుంగలు వేసి దొర్లించి ట్రైలర్ చివర పెట్టాం. పట్టీలతో బిగించాం. దూరంగా నిలబడి చూస్తే నిజంగానే చక్రాల మీద మందిరం. టోపీ తీశాను. ఆ నలుగురూ తీశారు. తర్వాత వాళ్లు తమ పనులకి వెళ్లిపోయారు.

కారు వెనక భాగం ఒక్క అంగుళమైనా కుంగలేదు. ఇంత బరువు కట్టినా ముసలిగుర్రంలా నడుం వంచకుండా నిలబడింది. కాడి సులువు, భారం తేలిక అన్నాడు ప్రభువు, ఇదే అనుకున్నాను. వెల్డాతో కూడా అన్నాను.

"కుంగాలి కదా," అంది వెల్డా. "పుస్తకంలో పదో వంతు దీనిమీద వాలాలని నువ్వే యాభై నిమిషాలు చెప్పావు."

"వాలింది. కనపడదు."

మొదటి మూడు మైళ్లు రాజులా నడిపాను. ఎడమ చేత్తో చక్రం, కుడి చేత్తో గాలిలో తాళం. నాలుగో మైలు దగ్గర ట్రైలర్ తోక కొద్దిగా ఊగింది.

"గాలి," అన్నాను.

"చెట్ల మీద ఆకు కదలడం లేదు, హెర్షెల్."

అక్కడే పెద్ద వాలు మొదలైంది. ట్రైలర్ ఎడమకి తోసింది, తర్వాత కుడికి, ఈసారి ఇంకా గట్టిగా. మెడ పట్టుకుని ఎవరో కారుని ఊపుతున్నట్టుంది. అద్దంలో పది బల్లలూ ఒకసారి ఈ పక్క కనపడ్డాయి, ఒకసారి ఆ పక్క. కుడివైపు లోయ. నేను బ్రేకు తొక్కాను. అదే తప్పు. తొక్కగానే వెనక బరువంతా మీదికి వచ్చి కారు తోకని పక్కకి నెట్టేసింది.

దావీదు దేవుడి మందసాన్ని కొత్త బండి మీద తెచ్చినప్పుడు ఎడ్లు తడబడితే, అది పడకుండా పట్టుకోబోయి ఉజ్జా చెయ్యి చాపాడు, అక్కడికక్కడే చచ్చాడు. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది ఆ ఒక్కటే. అరవై ఏళ్లు దగ్గరపడుతున్నవాడికి చావు ముందు గుర్తొచ్చే మాట ఉజ్జా.

"కాలు తియ్యి," అంది వెల్డా. అరవలేదు. "చక్రం నిటారుగా పట్టుకో. దాంతో పోట్లాడకు. ఆ పిడి నొక్కు."

కాలు తీశాను. పిడి నొక్కాను. వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగినట్టయి, ఊపు ఒకటి తగ్గింది, ఇంకొకటి తగ్గింది, నిటారయింది. రోడ్డు పక్క కంకర జాగాలోకి తిప్పి ఆపాను.

"అది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"మన పెళ్లయిన ఏడు, ఎండుగడ్డి తోలేటప్పుడు డోయల్ నీకు చెప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను. నువ్వప్పుడు కూడా వినలేదు."

దిగి చూశాం. ఒక పట్టీ వదులైంది, నాన్న బల్ల ఒక చేతి మందం పక్కకి జరిగింది, గీత పడలేదు. పైకి పోవడానికి లేదు, కిందికి పోవడానికి ధైర్యం లేదు. వదిలి వెళ్లడానికి అంతకంటే లేదు. రోడ్డు పనివాళ్ల లారీలు పక్కనుంచి పోతున్నాయి. ట్రైలర్ తీయకపోతే తెల్లారేసరికి పక్కకి నెట్టేస్తామని ఒకడు అరిచి వెళ్లాడు.

నేను మోకరించాను. కంకర గుచ్చుకుంది. చాలాసేపు ప్రార్థించి లేచాను.

"దేవుడు ఏదో దారి చూపిస్తాడు."

"చూపించాడు. ఆ దారి నంబరు నా ఫోన్లో ఉంది."

లోయ వైపు చూస్తూ నిలబడ్డాను. వెనక వెల్డా గొంతు వినపడుతూనే ఉంది: "డోయల్ బావా, నేను... ఆ, హెర్షెల్‌తోనే ఉన్నాను... లేదు, దెబ్బలేం లేవు. మామయ్య బల్ల కూడా దీని మీదే ఉంది."

నలభై నిమిషాల్లో వచ్చాడు. ట్రక్కు దిగి నాకు నమస్కారం లేదు, తిట్టు లేదు. ట్రైలర్ చుట్టూ ఒకసారి నడిచాడు. పొయ్యి దగ్గర ఆగాడు. ట్రక్కులోంచి ఒక గులాబీ రంగు తూకం తీశాడు. ఇంట్లో ఆడవాళ్లు ఎక్కి నిలబడి బరువు చూసుకునే తూకం. అది వదిన నడీన్‌ది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది.

ఒక పలక తీసి ఒక కొస తూకం మీద, రెండో కొస ఇటుక మీద పెట్టాడు. ట్రైలర్ ముక్కుని ఇటుక వైపుగా ఆ పలక మీదికి దించాడు. వంగి చూశాడు.

"ముప్పై. ఈ పలక లెక్కకి మూడింతలు వేసుకో, తొంభై." నడుం నిమురుకుంటూ లేచాడు. "ఈ బండి నాలుగు వేల అయిదు వందలు ఉంటుంది. తొంభై. దశమభాగం ఏదీ, పాస్టరుగారూ?"

"నీకెవరు చెప్పారు?"

"ఓపల్ అత్త ప్రతి ఆదివారం ఫోన్ చేసి నీ ప్రసంగం మొత్తం అప్పజెబుతుంది. నీ దగ్గడంతో సహా."

అన్నయ్య పొయ్యిని అరచేత్తో తట్టాడు.

"పొయ్యి చివర పెట్టిన మొనగాడు ఎవడ్రా?"

"మందిరంలో అది తలుపు దగ్గరే ఉండేది."

అన్నయ్య నన్ను చూశాడు. వెల్డాని చూశాడు. మూడేళ్లలో నేను చూడని నవ్వు అది, మీసం పక్కనుంచి మెల్లగా దిగింది.

"ఒరేయ్ తమ్ముడూ. మందిరాన్ని ఎవడూ లాక్కెళ్లడు కాబట్టి పొయ్యి తలుపు దగ్గరున్నా నడిచింది."

అంతా దించాం. ముగ్గురం, ముసలాళ్లం. పొయ్యిని అతని ట్రక్కు గొలుసుతో ముందుకి లాగాం. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. ఓపల్ గారి బల్ల అన్నిటికంటే ముందు పడింది, వాళ్లాయన దిగివస్తే ఆయన ఇష్టం. మధ్యలో అలసట తీర్చుకోవడానికి కూర్చున్నాం. ఇంకా ఎక్కించనివి పీఠం, నాన్న బల్ల. కొండ రోడ్డు పక్కన ఆ బల్ల మీద ముగ్గురం కూర్చుని వెల్డా తెచ్చిన మాంసం రొట్టెలు తిన్నాం.

తింటూ డోయల్ అన్నాడు, "నేను తలుపు దగ్గర ఎందుకు కూర్చునేవాడినో నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"నడీన్ పోయాక పాట మొదలైతే నా వల్ల అయ్యేది కాదు. తలుపు దగ్గరైతే ఎవరికీ అడ్డం రాకుండా బయటికెళ్లి ముక్కు చీదుకుని రావచ్చు." రొట్టె ముక్క పిట్టకి విసిరాడు. "వెళ్లడం చూశావు నువ్వు. ప్రతిసారీ మళ్లీ లోపలికి వచ్చేవాణ్ణి. అది చూడలేదు."

నా నోట్లో ఎప్పుడూ ఒక వచనం ఉంటుంది. వెతికాను. లేదు.

"తప్పు చేశాను అన్నయ్యా," అన్నాను. మూడేళ్లుగా ఈ పుస్తకంలో కూడా రాయని మాట.

"సరేలే. పీఠం అటు పక్క పట్టుకో."

మళ్లీ తూకం పెట్టాం. నూట యాభై రెండు. మూడింతలు వేసి నాలుగు వందల యాభై ఆరు అన్నాడు.

"దశమభాగం, పైన కానుక," అంది వెల్డా.

కారు వెనక భాగం రెండంగుళాలు కుంగింది. నిన్న పొద్దున్నైతే దాన్ని చూసి కంగారు పడేవాణ్ణి.

తాళాలు అతని చేతికివ్వబోయాను. తీసుకోలేదు. "నీ కారు లాగగలదు. లాగడంలో తప్పు లేదు, సర్దడంలో ఉంది. గేరు తగ్గించి దిగు. నేను వెనకే వస్తాను."

ఆ వాలు మొత్తం ముప్పై మైళ్ల వేగంతో దిగాను. ట్రైలర్ నా వెనక గొర్రెపిల్లలా వచ్చింది. దాని బరువు నా వీపు మీద ఆనుకున్నట్టు తెలుస్తూనే ఉంది. అద్దంలో అన్నయ్య ట్రక్కు దీపాలు వెలిగి ఆరుతూ. నేను పాట ఎత్తుకున్నాను, వెల్డా అందుకుంది, ఊరు చేరేదాకా ఆపలేదు. జీవితంలో ఇంత సంతోషంగా ఏ బండీ నడపలేదు.

దింపేటప్పుడు ఆదివారం రమ్మని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది. అతను గొలుసు చుట్టి ట్రక్కులో పడేసుకుని వెళ్లిపోయాడు.

అక్టోబర్ 20, ఆదివారం

తెల్లవారుజామునే వెల్డా, నేను దాణా కొట్టుకి వెళ్లాం. బల్లలు వేశాం, ఎవరి వరసలో వాళ్లవి. చివరికి నాన్న బల్ల మిగిలింది. పీఠం ముందు ఖాళీ కొలిచి ఉంచాను. ఇద్దరం దాన్ని ఎత్తి అక్కడిదాకా తీసుకెళ్లాం. నేను దించలేదు.

"ఏమయింది?" అంది వెల్డా.

"ఇక్కడ కాదు."

వెనక్కి మోసుకెళ్లి, తలుపు పక్క కుర్చీ తీసేసి అక్కడ వేశాం. 'ముందుకు రండి' కాగితాలు చొక్కా జేబులోనే ఉన్నాయి. మడతపెట్టి ఒక కాలు కింద పెట్టాను, అక్కడ నేల కొద్దిగా పల్లం.

ఓపల్ గారు వచ్చి చూసింది. "కన్నీటి బల్ల తలుపు దగ్గరా? ఎక్కడైనా చూశామా బ్రదర్?"

"లేదండి."

"ఊఁ," అని తన బల్ల మీద కూర్చుంది. కాసేపటికి, "ఇక్కడైతే లేచి నడవక్కర్లేదు," అంది, ఎవరితో అని కాకుండా.

మొదటి పాటకి ముందు బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. డోయల్ లోపలికి వచ్చాడు. కుర్చీ కోసం చూశాడు, బల్ల చూశాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. పాట రెండో చరణంలో లేచి బయటికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. వచ్చిన ఇరవై ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు. నేను ఆ తలుపునే చూస్తూ పాడాను.

తెరుచుకుంది. మళ్లీ లోపలికి వచ్చాడు.

చెప్పడానికి ప్రసంగం ఏమీ లేదు. పీఠం దిగి, వరసల మధ్య నుంచి వెనక్కి నడిచి, ఆ బల్ల దగ్గర మోకరించాను. పదకొండేళ్లప్పుడు మోకరించినట్టే, సరిగ్గా ఎడమ కొసన. ఏం ప్రార్థించానో రాయను. పక్కన చెక్క కిర్రుమంది, అన్నయ్య మోకాళ్లు నేలకి తగిలాయి. అతని రుమాలు నా చేతి దగ్గరికి వచ్చింది. నా చెవి పక్కన, ఎవరికీ వినపడకుండా అన్నాడు:

"కాస్త మధ్యకి జరగరా. బరువంతా మళ్లీ ఒక కొసకే పెట్టావు."